వెళ్ళనివాళ్ళం చదివాం, వెళ్ళినవాళ్ళు చదవరు

మా కాలనీలో అమెరికాలో మనిషి లేని ఇల్లు దొరకాలంటే పట్టపగలు దివిటీ పట్టుకుని తిరగాలి. ఒకరి కొడుకు డాలస్‌లో, ఇంకొకరి కూతురు న్యూజెర్సీలో, ఎదురింటివాళ్ళకు ఇద్దరూ అక్కడే. అమ్మానాన్నలు ఆరు నెలలిక్కడ, ఆరు నెలలక్కడ. ఇంతమంది ఉన్నారు గదా, సాయంత్రం పార్కులో కూర్చుని ఆ దేశం గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుందామంటే ఒక్కరికీ నోరు పెగలదు. కాస్ట్‌కోలో బాదంపప్పు ధర చెబుతారు. ఇంటి అప్పు మీద వడ్డీ ఎంతో దశాంశ స్థానాలతో సహా చెబుతారు. సెనేట్‌కూ ప్రతినిధుల సభకూ తేడా ఏమిటని అడిగితే మాత్రం మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చి లేచిపోతారు.

మా రోజుల్లో వ్యవహారం తలకిందులుగా ఉండేది. అమెరికా వెళ్ళినవాడు తాలూకాకు ఒకడుంటే గొప్ప. కానీ అమెరికాను చదివినవాళ్ళు ఉండేవాళ్ళు. నేను 1971లో సూర్యాపేట నుంచి వచ్చి ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ.లో చేరాను. మా క్లాసులో ఎవరి దగ్గరా పాస్‌పోర్టు లేదు. బొంబాయి చూసినవాడే మాకు విదేశీయుడి కింద లెక్క. అయినా 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది ఏ గదిలో కూర్చుని ఏం తగవులాడుకున్నారో, చిన్న రాష్ట్రాలు ఎందుకు అలిగాయో, పెద్ద రాష్ట్రాలు ఎక్కడ మెట్టు దిగాయో మాకు తెలుసు. చివరికి సంతకాలు పెట్టింది 39 మందే అని కూడా తెలుసు. ఎందుకంటే మా మాస్టారు అడిగేవారు. చెప్పకపోతే నిలబెట్టేవారు.

ఇదంతా మా తెలివితేటల వల్ల జరిగిందని నేననడం లేదు. దాని వెనక గోధుమలున్నాయి. 1954లో అమెరికా ఒక చట్టం చేసింది, పేరు పబ్లిక్ లా 480. తమ దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని మనలాంటి దేశాలకు అమ్ముతారు, డబ్బు మాత్రం మన రూపాయల్లోనే తీసుకుంటారు. 1965, 66 కరువు రోజుల్లో ఆ ఓడల కోసం దేశం మొత్తం ఎదురుచూసింది. ఓడలను ఆచితూచి వదులుతూ అధ్యక్షుడు జాన్సన్ మన ఊపిరి బిగబట్టించాడు. రేషన్ షాపులో ఆ గోధుమలు తెచ్చుకుని, రొట్టె చేయడం రాక మా అమ్మ సంకటి చేసింది. మనం తిన్న గోధుమలకు కట్టిన రూపాయలు ఢిల్లీలో అమెరికా ఖాతాలో గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిని వాళ్ళ దేశానికి పట్టుకుపోవడానికి లేదు. 1974లో రాయబారి డేనియల్ పాట్రిక్ మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు ఒకే ఒక్క చెక్కు రాసి భారత ప్రభుత్వం చేతిలో పెట్టాడంటే ఆ గుట్ట ఎంతదో ఊహించుకోండి.

అలాంటి రూపాయల్లోంచే పుస్తకాలు వచ్చాయి. 1964లో ఉస్మానియా ఆవరణలోనే అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ పెట్టారు. మేం ఏ.ఎస్.ఆర్.సి. అనేవాళ్ళం. ఢిల్లీ నుంచి, కలకత్తా నుంచి, మైసూరు నుంచి పరిశోధకులు రైళ్ళెక్కి వచ్చి అక్కడ దిగేవాళ్ళు. అమెరికా మీద పిహెచ్‌డి రాయాలంటే హైదరాబాదు రాక తప్పేది కాదు. ఇప్పుడు హైదరాబాదు అంటే హైటెక్ సిటీ అంటారుగానీ, ఆ రోజుల్లో దేశంలోని పండితులకు హైదరాబాదు అంటే ఆ గ్రంథాలయం. ఎం.ఏ. ఇంగ్లీషు వాళ్ళకు యురేషియా సంస్థ అచ్చువేసిన అమెరికన్ సాహిత్య సంకలనాలు చవగ్గా దొరికేవి. ఎమర్సన్, థోరో, విట్‌మన్, డికిన్సన్ అందరూ ఒక్క అట్టల మధ్య ఒదిగి ఉండేవారు. మాకేమో ఎ.సి. కపూర్ రాసిన లావుపాటి రాజ్యాంగాల పుస్తకం. తెలుగు మీడియం పిల్లల కోసం 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు వేసింది. న్యాయ సమీక్ష, అభిశంసన, నిరోధ సమతౌల్యాలు అంటూ పల్లెటూరి కుర్రాడు కూడా గడగడా అప్పజెప్పేవాడు.

అదే గోధుమల డబ్బుతో ఇంకో పని కూడా జరిగింది. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన దగ్గర అచ్చయిన పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. షికాగోలో, విస్కాన్సిన్‌లో తెలుగు మీద పరిశోధన సాగడానికి ఆ బీరువాలే ఆధారం. వాళ్ళు మనను చదవడానికీ మనం వాళ్ళను చదవడానికీ ఒకే ఖాతా. వాళ్ళు తమ బీరువాలను భద్రంగా చూసుకున్నారు. మన సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ కుర్రకారు ఒక ప్రశ్న వేస్తారు. ‘‘తాతయ్యా, అదంతా ప్రచ్ఛన్న యుద్ధం నాటి ప్రచారం కాదా? రష్యావాళ్ళు విశాలాంధ్రలో చవక పుస్తకాలు అమ్మితే పోటీగా వీళ్ళు గ్రంథాలయం తెరిచారు, అంతేగా?’’ అంతే నాయనా. మాకు తెలియదనుకున్నావా? మా హాస్టల్లో సగం గదుల్లో లెనిన్ బొమ్మ ఉండేది. అమెరికన్ డబ్బుతో చదువుతున్నామని తెలిసే చదివాం. 1967లో విద్యార్థి సంఘాలకూ సాంస్కృతిక సంస్థలకూ సి.ఐ.ఏ. దొంగచాటుగా డబ్బిచ్చిందని అమెరికా పత్రికలే బయటపెట్టాయి. అది చదివాక కొత్తగా వచ్చిన ప్రతి తెల్ల ప్రొఫెసరునూ మేం అనుమానంగానే చూశాం.

కానీ వాళ్ళు పంపిన పుస్తకాల్లో ఏముందో చూడు. రాజ్యాంగం రాసినవాళ్ళు తమ ఆస్తుల లెక్క చూసుకునే రాశారని 1913లోనే చార్లెస్ బియర్డ్ రాసిన పుస్తకం ఉంది. అమెరికాను ఏలేది ప్రజలు కాదు, కంపెనీలూ సైన్యమూ ప్రభుత్వ పెద్దలూ కలిసిన ఒక చిన్న గుంపు అని సి. రైట్ మిల్స్ 1956లో రాసిన పుస్తకం ఉంది. నల్లవాళ్ళను విడదీసిన చట్టాలు అనాదిగా ఉన్నవి కావు, నిన్నమొన్న కావాలని అల్లినవి అని దక్షిణాదివాడే అయిన వాన్ వుడ్‌వర్డ్ 1955లో రాసిన పుస్తకం ఉంది. అమెరికాను తిట్టడానికి మాకు కావలసిన తిట్లన్నీ అమెరికావాళ్ళ పుస్తకాల్లోనే, పేజీ నంబర్లతో సహా దొరికాయి. ఇంత నిబ్బరంగా తిట్టించుకునే దేశం ఏమిటా అని ఆశ్చర్యపోవడంతోనే మా చదువు మొదలైంది.

1971 డిసెంబరు మరిచిపోలేను. బంగ్లాదేశ్ యుద్ధం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మనను బెదిరించడానికి ఎంటర్‌ప్రైజ్ నౌకను బంగాళాఖాతంలోకి పంపాడు. పగలు ఊరేగింపులో నిక్సన్ దిష్టిబొమ్మ తగలేసి, సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళి అధ్యక్షుడి యుద్ధాధికారాల మీద నోట్సు రాసుకున్నవాళ్ళం మేం. అదే ఏడాది జూన్‌లో వియత్నాం యుద్ధ రహస్య పత్రాలను న్యూయార్క్ టైమ్స్ అచ్చు వేస్తే, ప్రభుత్వం ఆపమన్నా వాళ్ళ సుప్రీంకోర్టు ఆపలేదు. ఆ తర్వాత వాటర్‌గేట్. 1974 ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. అప్పటిదాకా రేడియో ముందు కూర్చుని, ఇక సభలో ఏం జరగాలి, సెనేట్‌లో ఎన్ని ఓట్లు కావాలి, కోర్టు ఏం చెప్పింది అని మేం ఒకరికొకరం పాఠం చెప్పుకున్నాం. మరుసటి ఏడాది మన దేశంలోనే ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఆ పాఠం విలువ తెలిసొచ్చింది. కోర్టు, పత్రిక, చట్టసభ మూడూ ఒకదాన్నొకటి కాపలా కాయకపోతే ఏమవుతుందో మేం ముందే చదివి ఉన్నాం.

చదవడం అంటే ఎలా? ఇప్పటివాళ్ళకు అమెరికన్ స్టడీస్ అంటే ఏమిటో వివరించాల్సిన కర్మ పట్టింది కాబట్టి చెబుతాను. చరిత్ర ఒక గదిలో, సాహిత్యం ఒక గదిలో, రాజకీయం ఇంకో గదిలో పెట్టి తాళాలు వేసుకోవడం కాదు. బానిసత్వమే తీసుకోండి. ప్రతినిధుల సభ సీట్ల లెక్కలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టిన రాజ్యాంగ నిబంధనతో మొదలుపెట్టాలి. 1820లో మిస్సోరీ ఒప్పందం, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న స్వీయకథ, 1852లో హారియట్ స్టో నవల, 1857లో నల్లవాడు పౌరుడే కాడన్న డ్రెడ్ స్కాట్ తీర్పు. తర్వాత అంతర్యుద్ధం. గెలిచాక మూడు సవరణలు. నల్లవాళ్ళను విడిగా కూర్చోబెట్టడం సరేనంటూ వాటిని నీరుగార్చిన 1896 నాటి ప్లెసీ తీర్పు. దాన్ని కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పు. చట్టం, నవల, తీర్పు, పాట, ఎన్నిక అన్నీ ఒకే దారానికి గుచ్చి చూడటం. సమాజాన్ని అలా చదవడం ఒకసారి పట్టుబడితే నీ ఊరిని కూడా అలాగే చదువుతావు. మా బ్యాచ్‌లో ఒకడు ప్లెసీ తీర్పు చదివిన రాత్రే తన ఊళ్ళో హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద వ్యాసం రాశాడు.

ఈ బంధం మాతో మొదలైంది కూడా కాదు. లాలా లజపతిరాయ్ అమెరికా తిరిగి చూసి 1916లోనే ఆ దేశం మీద పుస్తకం రాశాడు. నల్లవాళ్ళ బడులు చూశాడు, వాళ్ళ నాయకులతో మాట్లాడాడు. అంబేడ్కర్ 1913 నుంచి 16 దాకా కొలంబియాలో చదివాడు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళిచ్చిన విన్నపం ప్రతి మాకూ పంపండి అన్నాడు. ఆ ఇద్దరి మధ్య ఉత్తరాలు రెండే. కానీ ఆ రెండు ఉత్తరాలు అర్థం కావాలంటే రెండు దేశాల చరిత్రా తెలియాలి. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే మా విద్యార్థులు ఎగబడి చదివారు. పల్లెల్లో చదువుకున్న పిల్లలు కుంటా కింటే కోసం ఏడ్చారు. అమెరికాలో వాళ్ళకు చుట్టాలు లేరు. అయినా అక్కడి మనుషులను తెలుసుకున్నారు.

ఇక ఈ రోజుల సంగతి. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేల పైచిలుకు. ఏ దేశంకన్నా మనవాళ్ళే ఎక్కువ. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో ఏ విమానాశ్రయానికి వెళ్ళినా తెలుస్తుంది. కంప్యూటర్ సైన్సు చదువుతారు, డేటా సైన్సు చదువుతారు. మంచిదే, పొట్టకూటి చదువు తప్పని నేనననుగా. జీఆర్ఈకి కోచింగు, ఇంటర్వ్యూకి కోచింగు, కన్సల్టెన్సీవాడు రాసిచ్చిన లక్ష్య ప్రకటన బట్టీ, చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది. వెళ్ళబోయే దేశం గురించి ఒక్క పుస్తకం? ఊహూఁ. అత్తవారింట్లో పదేళ్ళు భోంచేసి మామగారి పేరడిగితే తల గోక్కునే అల్లుళ్ళను తయారుచేస్తున్నాం.

అక్కడికి వెళ్ళాకైనా చదువుతారా అంటే, పౌరసత్వం వేళ వస్తుంది చదువు. పాత పద్ధతిలో వంద ప్రశ్నల జాబితా ఉండేది, పది అడిగితే ఆరు చెప్పాలి. 2025 అక్టోబరు నుంచి జాబితా 128కి పెంచి, ఇరవై అడిగి పన్నెండు చెప్పమంటున్నారు. పెంచారని గగ్గోలు! ఇరవై ఏళ్ళు బతికిన దేశం గురించి పన్నెండు జవాబులు చెప్పమంటే అన్యాయమట. పదో తరగతిలో గైడు బట్టీ పట్టినట్టే పట్టి, ప్రమాణం చేసి, సాయంత్రానికి మరిచిపోయి విందు చేసుకుంటారు.

నాకు బాధ ఎక్కడంటే, వాళ్ళు మరిచిపోతున్నది వాళ్ళ సొంత కథే. 1790 చట్టం ప్రకారం పౌరసత్వం స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకు మాత్రమే. 1917లో ఆసియాలో చాలా భాగానికి గీత గీసి, ఆ గీత లోపలివాళ్ళు రాకూడదన్నారు. మనం లోపలే ఉన్నాం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1923లో కోర్టు, నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది. ఆయనేమో తనది ఉన్నత కులమనీ ఆర్య జాతి అనీ వాదించుకున్నాడు. ఆ వాదన అక్కడ చెల్లలేదు. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా లాక్కున్నారు. 1946లో తలుపు కాస్త తీసి ఏడాదికి వంద మంది భారతీయులకు చోటిచ్చారు. వంద! ఇప్పుడు ఒక్క విమానంలో అంతకన్నా ఎక్కువ మంది మనవాళ్ళు దిగుతున్నారు.

మరి తలుపు ఎలా బార్లా తెరుచుకుంది? మన తెలివి చూసి మురిసిపోయి తెరిచారనుకుంటున్నారు మనవాళ్ళు. కాదు. నల్లవాళ్ళు బస్సుల్లో, హోటళ్ళలో, సెల్మా వంతెన మీద దెబ్బలు తిని 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం సాధించారు. జాతిని బట్టి మనిషికి విలువ కట్టకూడదని దేశం ఒప్పుకున్నాక, పుట్టిన దేశాన్ని బట్టి వలసదారులను వేరుచేసే పాత కోటాలు నిలబడలేదు. ఆ ఊపులోనే 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకమే లేకపోతే మన డాక్టర్లు లేరు, ఇంజనీర్లు లేరు, తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలూ లేవు. ఈ సంగతి తెలిసినవాడు అక్కడి నల్లవాళ్ళను చూసి ‘‘ఆ ఏరియా మంచిది కాదు’’ అని మాత్రం అనడు. ముందు దండం పెడతాడు.

2025లో ఏం జరిగిందో చూశాం. జనవరి 20న అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదని. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో శోకాలు. గడువు లోపల కాన్పు చేయించుకోవడానికి తల్లులు ఆసుపత్రులకు పరుగెత్తారని పత్రికల్లో వచ్చింది. ఒక్కరైనా 1868 నాటి పద్నాలుగో సవరణ తెరిచి చూశారా? శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసు, 1898 తీర్పు విన్నారా? మూడు రోజుల్లోనే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ ఉత్తర్వును ఆపాడు. జడ్జి అధ్యక్షుణ్ణి ఎలా ఆపగలడని ఒక పెద్దమనిషి నన్నే అడిగాడు. ఆయన మనవడు ఆ దేశ పౌరుడు. 1803లో మార్బరీ కేసు దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. ఆయన పది నిమిషాలు విన్నాడు, యాభై నిమిషాలు ఓర్చుకున్నాడు.

సెప్టెంబరులో హెచ్-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు అన్నారు. మళ్ళీ శోకాలు. అధ్యక్షుడి ప్రకటన అంటే ఏమిటి, కాంగ్రెస్ చేసిన చట్టంతో దానికి పేచీ ఎక్కడ, 1952 నాటి వలస చట్టంలో ఏ సెక్షన్ కింద ఇలాంటి ప్రకటనలు చేస్తున్నారు, 2018లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ గురించి ఏమంది... ఇవి తెలిసినవాడికి భయం పోతుందని నేననను, ఏ విషయానికి ఎంత భయపడాలో తెలుస్తుంది. గ్రీన్‌కార్డు కోసం జీవితాలు కరిగిపోతున్నాయని ఏడుస్తారు. నిజమే, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల. దాన్ని మార్చాల్సింది అధ్యక్షుడు కాదు, కాంగ్రెస్. నాలుగు కోట్లకు చేరువైన కాలిఫోర్నియాకూ ఆరు లక్షలకు చేరని వయోమింగ్‌కూ ఇద్దరేసి సెనేటర్లున్న సెనేట్‌లో బిల్లు ఎలా నెగ్గుతుందో, ఎక్కడ నలుగుతుందో తెలియకుండా శ్వేతసౌధం ముందు ఫొటో దిగితే ఏం లాభం?

పదవుల సంగతి వస్తే మనవాళ్ళ ఉత్సాహం చూడాలి. ఉపాధ్యక్షుడి భార్య పూర్వీకులది మన గోదావరి జిల్లా అని టపాకాయలు కాల్చారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్‌కు లెఫ్టినెంట్ గవర్నరు అయితే, ఇక్కడ పుట్టిన గజాలా హాష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిస్తే ‘మన అమ్మాయే’ అన్నారు. సంతోషం. ఆ పదవికి అధికారాలేమిటని అడిగితే టపాకాయల పొగలో మాయమైపోయారు.

కులం మాట కూడా ఎత్తుతాను, కోపం వచ్చినా సరే. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లే నెగ్గించింది, గవర్నరు అక్టోబరులో వెనక్కి పంపాడు. మనవాళ్ళు రెండు వర్గాలై కొట్టుకున్నారు. ఆ దేశంలో వివక్ష చట్టం ఎలా పెరిగిందో, జాతి, మతం, పుట్టిన దేశం అన్న మాటలు 1964 చట్టంలోకి ఎలా వచ్చాయో చదివి వాదించినవాళ్ళు నాకు రెండు వైపులా తక్కువే కనిపించారు. మిగతాదంతా ఫార్వర్డులే.

మరి ఈ చదువు ఎలా పోయింది? అమెరికావాళ్ళదీ తప్పుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోగానే వాళ్ళకు మన మెప్పుతో పని తీరింది. విదేశాల్లో గ్రంథాలయాలూ ప్రచారమూ నడిపిన వాళ్ళ సమాచార సంస్థను 1999లో మూసేశారు. మన ఏ.ఎస్.ఆర్.సి. పేరు మారుతూ మారుతూ ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది. పేరులోంచి అమెరికా పోయిన కాలంలోనే ఊళ్ళోంచి అమెరికాకు క్యూ కట్టారు. అయితే నేను మనవాళ్ళనే ఎక్కువ తప్పుపడతాను. వందలకొద్దీ ఇంజనీరింగు కాలేజీలకు అనుమతులిచ్చిన ప్రభుత్వాలు చరిత్ర, రాజనీతి విభాగాల్లో రిటైరైన మాస్టారి కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టలేదు. ఢిల్లీలో జె.ఎన్.యు.లో ఇంకా అమెరికా మీద చదువు సాగుతోంది. లక్షల మందిని పంపుతున్న తెలుగు రాష్ట్రాలకు మాత్రం అక్కర లేకపోయింది.

చైనా ఏం చేసిందో చూడండి. అమెరికాతో సంబంధాలు కుదిరిన రెండేళ్ళకే, 1981లో, వాళ్ళ సామాజిక శాస్త్రాల అకాడమీలో అమెరికా అధ్యయన సంస్థ పెట్టారు. 1985లో షాంఘై ఫుడాన్ విశ్వవిద్యాలయంలో ఇంకొకటి. జర్మన్లు 1963 నుంచి బెర్లిన్‌లో కెనెడీ పేరు మీద ఒక సంస్థే నడుపుతున్నారు. స్నేహం ఉన్నవాడూ చదువుతున్నాడు, పోటీ ఉన్నవాడూ చదువుతున్నాడు. పిల్లలను పంపినవాళ్ళమే చదవడం లేదు.

ఈ కాలపు పిల్లలకున్న సౌకర్యం మాకుంటేనా! మేం ఒక్క తీర్పు పూర్తి పాఠం కోసం బెంచీ మీద వరుసలో కూర్చుని, చేత్తో కాపీ చేసుకున్నాం. ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన నిమిషంలో ఫోన్లోకి వస్తుంది. వాదనలు చెవులారా వినొచ్చు. వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్ ఉత్తరాలను వాళ్ళ జాతీయ భాండాగారం ఉచితంగా చదువుకోమని పెట్టింది. హామిల్టన్, మాడిసన్, జే రాసిన 85 ఫెడరలిస్టు వ్యాసాలూ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఇన్ని ఉండి కూడా యూట్యూబులో ఎర్ర బాణం గుర్తు పెట్టిన వీడియో చూసి, అమెరికా కూలిపోతోందటగా అని అడుగుతారు. మా రోజుల్లో కూడా కూలిపోతోందనే వాళ్ళం. కాకపోతే ఎందుకు కూలుతుందో ముప్పై పేజీలు రాసేవాళ్ళం.

మా ఇంట్లో కూడా నా మాట వినేది ఒక్కరే. అట్లాంటాలో పుట్టిన మనవరాలు. హైస్కూల్లో అమెరికా చరిత్ర పేపరు తీసుకుంది. వీడియో కాల్‌లో అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం గురించి అడుగుతుంది, నేను చెప్పింది వెంటనే ఒప్పుకోదు, ఆధారం ఏది తాతా అంటుంది. పక్కన వాళ్ళ నాన్న, అంటే మా వాడు, మమ్మల్నిద్దరినీ వింతగా చూస్తుంటాడు. వాడికి ఆ దేశంలో పౌరసత్వం ఉంది, ఓటుంది, ఇల్లుంది. వాడి ఊరి స్కూలు బోర్డు ఎన్నికలు ఎప్పుడో మాత్రం కూతురు చెబితే తెలిసింది.

కాబట్టి రెండు రాష్ట్రాల ఉపకులపతులకు నా విన్నపం ఇది. పెద్ద గ్రంథాలయం కట్టమనను, గోధుమల ఓడలు మళ్ళీ రావు. డిగ్రీలో, ఇంజనీరింగులో ఒక్క ఐచ్ఛిక పేపరు పెట్టండి. అమెరికా చరిత్ర, రాజ్యాంగం, వలస చట్టాలు, జాతి సమస్య. ఒక్క సెమిస్టరు చాలు. ఉస్మానియాలోనో, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఆంధ్రాలోనో ఒక్క విభాగం పూర్తిస్థాయిలో తెరవండి. అధ్యాపకులను నియమించి, తెలుగులో పాఠ్యపుస్తకం రాయించండి. అక్కడ స్థిరపడి సభలకూ సన్మానాలకూ లక్షల డాలర్లు ఖర్చుపెట్టే సంఘాలవాళ్ళు ఆ ఖర్చులో కొంత ఈ పేపరుకు తిప్పితే ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. మేం చదివింది వాళ్ళ డబ్బుతో, వాళ్ళ అవసరం కోసం. ఇప్పుడు అవసరం మనది. డబ్బూ మన దగ్గరే ఉంది. ఇక సాకు చెప్పడానికి ఏమీ లేదు.